ఊరి ముచ్చట్లకు స్టాటిక్ వెబ్‌సైటు: పెట్టుడు, నడుపుడు

మర్రిగూడ, చండూరు దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగినవాళ్ల మాటలు, పుట్టపాక మగ్గం గుంటల్లో కూర్చున్నవాళ్ల లెక్కలు, నారాయణపేట నుంచి బొంబాయి బస్సెక్కినవాళ్ల బతుకులు చాలామంది రికార్డు చేశారు. ఆ రికార్డింగులు ఇప్పుడెక్కడున్నాయని వెతికితే పాత ఫోన్లలో, ఎవరో తీసుకుపోయిన పెన్‌డ్రైవుల్లో, పైసలు కట్టక మూతబడ్డ సైట్లలో దొరుకుతాయి. సైటు పెట్టేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఎంత అందంగా ఉండాలని కాదు. నడిపే పిల్లగాడికి ఉద్యోగమొచ్చి ఊరు విడిచిపోతే ఆ సైటు ఏమవుతుందని అడగాలి. స్టాటిక్ సైటును ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే.

వర్డ్‌ప్రెస్ లాంటి సైటు ఎవరన్నా వచ్చినప్పుడల్లా డేటాబేసులోంచి సరుకు తీసి పేజీని అప్పటికప్పుడు వండుతుంది. దానికి నెలనెలా హోస్టింగు ఖర్చు, ఎప్పటికప్పుడు ప్లగిన్ల అప్‌డేట్లు. ఒక ఏడాది పట్టించుకోకపోతే ఎవడో దూరి జూదం ప్రకటనలు అతికిస్తాడు. స్టాటిక్ సైటులో పేజీలు ముందే వండి ఉంటాయి, వచ్చినవాళ్లకు వడ్డించడమే పని. దూరడానికి డేటాబేసు లేదు, పాడవడానికి ప్లగిన్ లేదు. లాగిన్లు, అక్కడికక్కడే వ్యాఖ్యలు రాసుకునే సౌకర్యం ఉండవు. ఇంటర్వ్యూల సైటుకు వాటితో పనీ లేదు.

కావలసినవి

4 జీబీ ర్యామున్న ల్యాప్‌టాప్ చాలు. హ్యూగో (పేజీలు తయారుచేసే ప్రోగ్రాము, ఒకే ఒక్క ఫైలు), గిట్ (ఫైళ్ల మార్పులన్నీ గుర్తుపెట్టుకునే ప్రోగ్రాము), ఆడాసిటీ (ఆడియో దిద్దేది), ఏదో ఒక టెక్స్ట్ ఎడిటరు: అన్నీ ఉచితం. పేజీలు ఉంచడానికి గిట్‌హబ్ పేజెస్ గానీ క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ గానీ ఉచితమే. ఖర్చయ్యేది డొమైన్ పేరుకు, అంటే సైటు సొంత చిరునామాకు మాత్రమే.

గిట్‌హబ్ ఖాతాను ఒకరి సొంత ఈమెయిలుతో, అందులోనూ కాలేజీ ఇచ్చిన ఈమెయిలుతో తెరవొద్దు. బృందం పేరుతో ఒక ఈమెయిలు పెట్టుకుని దానితో తెరవండి. గిట్‌హబ్ రెండంచెల తనిఖీ అడుగుతుంది. అప్పుడిచ్చే రికవరీ కోడ్లను కాగితం మీద ప్రింటు తీసి ఇద్దరి ఇళ్లలో పెట్టండి. ఫోను పోయి, కోడ్లు కూడా లేకపోతే ఖాతా పోయినట్టే లెక్క.

రికార్డింగు, ఒప్పుకోలు

ఫోనుతో రికార్డు చేసినా ఫరవాలేదు, కానీ ముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది, ఆగిన సంగతి అరగంట తర్వాత గానీ తెలియదు. కాలర్ మైకును గదవకు జానెడు కింద పెట్టాలి. పైటకొంగు, కండువా దానికి రాసుకోకుండా చూడాలి, ఆ గరగరను తర్వాత తీయడం చాలా కష్టం. సీలింగు ఫ్యాను ఆపించండి. ఎండకాలం ఆపలేమనుకుంటే ఫ్యాను కింద నుంచి జరిగి గోడ పక్కన కూర్చోండి. మాటలు మొదలుపెట్టకముందు ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్లు రికార్డు చేస్తే, ఆ గది శబ్దాన్ని నమూనాగా చూపించి ఆడాసిటీలో రొద తగ్గించుకోవచ్చు.

ఒప్పుకోలు కాగితం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. ‘సరే’ అన్న మాట రికార్డింగులో కూడా ఉండాలి. వేలిముద్ర వేసినవాళ్ల విషయంలో అదే అసలు సాక్ష్యం. అడగాల్సినవి విడివిడిగా అడగండి: రాతను పెట్టొచ్చా, గొంతు పెట్టొచ్చా, ఫొటో పెట్టొచ్చా, పేరు పెట్టొచ్చా. చాలామంది మూడింటికి ఒప్పుకుని ఒకదానికి వద్దంటారు. అన్నీ కలిపి ఒకే ప్రశ్నగా అడిగితే ఆ ఒక్కటి బయటపడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కును గుర్తించింది. చట్టం సంగతి అటుంచినా, తర్వాత మనసు మార్చుకుంటే ఎవరికి ఫోను చేయాలో ఆ కాగితం మీద రాసి ఒక ప్రతి వాళ్ల చేతికి ఇచ్చి రావాలి.

వలస కూలీల ముచ్చట్లలో గుంపు మేస్త్రి పేరు, అడ్వాన్సు ఎగ్గొట్టినవాడి పేరు తప్పకుండా వస్తుంది. అన్నది వాళ్లే అయినా పెట్టింది మీరు కాబట్టి పరువునష్టం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద, మీ మీదికీ రావచ్చు. రుజువు లేని చోట పేరు తీసి ‘ఒక మేస్త్రి’ అని రాయండి. రాతలో తీసి ఆడియోలో వదిలేయడం అందరూ చేసే పొరపాటు.

ఆడియో లెక్కలు

మూల రికార్డింగు వేవ్ ఫైలుగా ఉంచుకోవాలి. 48 కిలోహెర్ట్‌జ్, 16 బిట్, మోనో అయితే గంటకు సుమారు 345 ఎంబీ. ఇది సైటులోకి పోదు. సైటుకు ఎంపీ3, మోనో, 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) చాలు. ఒకరిద్దరు మాట్లాడుకునే గొంతులకు అంతకంటే ఎక్కువ పెడితే వినేవాళ్ల డేటా దండగ. 64 కేబీపీఎస్ దగ్గర గంట రికార్డింగు 28.8 ఎంబీ అవుతుంది.

ఈ అంకె దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ 25 ఎంబీ దాటిన ఫైలును తీసుకోదు. గిట్‌హబ్‌లో బ్రౌజరు నుంచి ఎక్కించినా హద్దు 25 ఎంబీనే. గిట్ ద్వారా పంపితే 50 ఎంబీ దాటినప్పుడు హెచ్చరిక వస్తుంది, 100 దాటితే తిరగ్గొడుతుంది. కాబట్టి గంట ముచ్చటను 48 కేబీపీఎస్‌కు దించండి (21.6 ఎంబీ), లేదా రెండు భాగాలు చేయండి. రెండు భాగాలే మేలు. గంటసేపు ఏకబిగిన వినేవాళ్లు తక్కువ.

గిట్‌హబ్ పేజెస్‌లో సైటు మొత్తం 1 జీబీ లోపు ఉండాలి. 64 కేబీపీఎస్ లెక్కన దాదాపు 34 గంటలు పడుతుంది. నెలకు 100 జీబీ ట్రాఫిక్ దాకా ఏమనరు, అంటే గంట ఫైలును మూడువేల మంది పూర్తిగా విన్నా ఇబ్బంది లేదు. కానీ గిట్ పాత ప్రతులను పారేయదు. ఒక ఆడియోను మూడుసార్లు సరిచేసి ఎక్కిస్తే మూడూ లోపల ఉండిపోతాయి. ఆడియోను చివరిదాకా విని, సరే అనుకున్నాకే ఎక్కించండి. 30 గంటలు దాటేటట్టుంటే ఆడియోను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టి, సైటులో దాని లింకు వాడుకోవడం మంచిది.

ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌ను మోనోకు మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత) దగ్గర పెట్టండి. లేకపోతే ఒక ఇంటర్వ్యూ చెవులు పగిలేటట్టు, ఇంకోటి బాయిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఒకే రికార్డింగులో అడిగేవాళ్ల గొంతుకు, చెప్పేవాళ్ల గొంతుకు తేడా మరీ ఎక్కువుంటే ముందు కంప్రెసర్ వాడి, ఆ తర్వాత నార్మలైజ్ చేయాలి. వరుస తారుమారైతే ఫలితం ఉండదు.

రాతలోకి దించడం

గంట రికార్డింగుకు అయిదారు గంటల టైపింగు అనుకోవాలి. మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్లు మొదటి చిత్తుకు పనికొస్తాయి. కానీ మన మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దేసే అలవాటు వాటికి ఉంది: ‘ఒచ్చిండు’ అంటే ‘వచ్చాడు’ అని రాస్తాయి. మనుషులు కూడా అదే చేస్తారు. ఉదాహరణకు, ఎడ్లతో బాయి నీళ్లు తోడే మోట గురించి ఒక ముక్క చూడండి (తొండం అంటే మోటకుండే తోలు గొట్టం):

ప్ర: మోట కొట్టుడు ఎప్పుడు బందయింది?
జ: కరెంటు మోటరొచ్చినంక. గంతకు ముందు మా నాయన పొద్దుపొడవకముందే ఎడ్లను కట్టేది. తొండం చినిగితే ఆ దినం అంతే, మడి ఎండుతది.

దీన్నే ‘విద్యుత్ మోటారు వచ్చిన తరువాత. అంతకుముందు మా తండ్రిగారు సూర్యోదయానికి ముందే ఎద్దులను కట్టేవారు’ అని రాస్తే అర్థం మిగులుతుంది, మనిషి మాయమవుతాడు. ‘ఆఁ... ఊఁ’లు, ఒకే మాట మూడుసార్లు అనడం తీసేయండి. క్రియలను, పదాలను ముట్టుకోవద్దు.

అప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. ఇంటర్నెట్‌లో ‘బావి’ అని వెతికేవాళ్లకు ‘బాయి’ అని ఉన్న పేజీ దొరకదు. దీనికి తొవ్వ ఏమిటంటే, ప్రతి పేజీ మొదట్లో 60 నుంచి 80 మాటల పరిచయం మామూలు రాత భాషలో రాయండి. అందులో బావి, మోట, వ్యవసాయం, ఊరు, జిల్లా లాంటి వెతికే మాటలన్నీ సహజంగా రావాలి. పేజీ అడుగున చిన్న మాటల పట్టిక పెట్టండి. సేత్వార్, పహాణీ, గిర్దావర్, వెట్టి లాంటివి ఈ తరానికి తెలియవు. నేత పని అయితే ‘ఆసు’ అంటే ఏమిటో కూడా చెప్పాలి: అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలును చేత్తో అటూ ఇటూ తిప్పి సర్దే పని. అర్థం తెలియని మాటకు ఊహించి అర్థం రాయొద్దు. చెప్పినవాళ్లకే ఫోను చేసి అడగండి.

సంవత్సరాల దగ్గర జాగ్రత్త. పెద్దవాళ్లు ‘పోలీస్ యాక్షన్ అయిన ఏడు’ అంటే 1948 సెప్టెంబరు అని పక్కన రాయొచ్చు. నిజాం కాలం కాగితాలు చూపిస్తే వాటి మీద ఫసలీ (శిస్తు లెక్కల) సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం దాదాపుగా వస్తుంది. ఫసలీ ఏడాది జనవరిలో మొదలవదు కాబట్టి 1355 ఫసలీని 1945-46 అని రాయాలి, ఒక్క సంవత్సరంగా ఖాయం చేయొద్దు.

జిల్లాలతో ఇంకా తకరారు. 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలైంది. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అప్పుడే వేరయ్యాయి. షాద్‌నగర్, ఆమనగల్లు రంగారెడ్డిలోకి పోయాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. మాట్లాడేవాళ్లు మాత్రం పాత జిల్లా పేరే చెబుతారు. కాబట్టి ప్రతి ఇంటర్వ్యూకు ఊరు, మండలం, ఇప్పటి జిల్లా, పాత జిల్లా అని నాలుగు గళ్లు పెట్టుకోండి. మొదటి పది ఇంటర్వ్యూలకు ఇది చాదస్తంగా అనిపిస్తుంది. వంద దాటాక ‘పాత పాలమూరు జిల్లా మొత్తం చూపించు’ అని ఎవరన్నా అడిగినప్పుడు పనికొచ్చేది ఇదే.

పేర్లకు ఒకే రాత ఖాయం చేసుకోండి. నల్గొండ, నల్లగొండ రెండూ వాడితే కంప్యూటరుకు అవి రెండు వేరే ఊళ్లు. ఇంతకంటే మాయదారిది కంటికి కనిపించని విడదీత గుర్తు. ‘షాద్‌నగర్’లో ద్ తర్వాత న ఒత్తుగా మారకుండా ఆ గుర్తు ఆపుతుంది. కొన్ని కీబోర్డులు, పత్రికల్లోంచి కాపీ చేసిన రాతలు అదే గుర్తును మాట చివర ర్ తర్వాత కూడా పెడతాయి. చూపుకు రెండూ ఒకటే, యంత్రానికి మాత్రం వేర్వేరు. ఒకే ఊరికి రెండు ట్యాగులు ఎందుకొచ్చాయో తెలియక తల పట్టుకుంటారు. ఊళ్లు, మండలాలు, జిల్లాల పట్టిక ఒక ఫైలులో ఉంచుకుని, ట్యాగులను ఎప్పుడూ అందులోంచే కాపీ చేసుకోండి. చేత్తో టైపు చేయొద్దు.

పాత పత్రికల కోసం అను ఫాంట్లలో డీటీపీ చేసిన ఇంటర్వ్యూలు ఉంటే, అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల పద్ధతి) కావు కాబట్టి నేరుగా అతికిస్తే ఇంగ్లీషు గుర్తుల చెత్త కనిపిస్తుంది. కన్వర్టరుతో మార్చాక వత్తులు, క్ష, ఋ, అంకెలు ఒక్కొక్కటీ సరిచూడాలి. తప్పులు ఎక్కువగా అక్కడే దాక్కుంటాయి.

సైటు కట్టడం

విండోస్‌లో వింగెట్ (ప్రోగ్రాములు దించుకునే కమాండు) ద్వారా హ్యూగో ఎక్స్‌టెండెడ్ రకం పెట్టుకోండి. మామూలు రకంతో కొన్ని థీములు (సైటుకు తయారుగా దొరికే రూపులు) పనిచేయవు. కమాండ్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి: ‘హ్యూగో న్యూ సైట్’ అని, పక్కన సైటు పేరు. ఒక ఫోల్డరు తయారవుతుంది. అందులో మనకు రోజూ పని పడేవి మూడే: ఇంటర్వ్యూలు పెట్టే కంటెంట్, ఫొటోలూ ఆడియో పెట్టే స్టాటిక్ అనే ఫోల్డర్లు, సైటు పేరూ చిరునామా ఉండే హ్యూగో డాట్ టోమెల్ ఫైలు. ‘హ్యూగో సర్వర్’ అని కొడితే మీ ల్యాప్‌టాప్‌లోనే, లోకల్‌హోస్ట్ 1313 చిరునామాలో సైటు కనిపిస్తుంది.

థీము సాదాది ఎంచుకోండి. దాన్ని గిట్ సబ్‌మాడ్యూల్‌గా, అంటే వేరేచోటి ఫోల్డరుకు లింకుగా కలపమని అన్నిచోట్లా రాసి ఉంటుంది, కానీ చిన్న బృందాలకు అది తలనొప్పి. థీము ఫోల్డరును మొత్తం కాపీ చేసుకుని, దానిలోపల చుక్కతో మొదలయ్యే గిట్ ఫోల్డరును తీసేయండి. అది మిగిలిపోతే గిట్‌హబ్‌కు థీము ఖాళీ ఫోల్డరుగా పోతుంది. మీ ల్యాప్‌టాప్‌లో అంతా బాగుండి బయట సైటు తెల్లగా కనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే.

ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, అంకెల్లో, మధ్యలో గీతలతో ఉండాలి: తేదీ, ఊరు, వరుస సంఖ్య. తెలుగులో పెడితే ఏమవుతుందంటే, ‘మర్రిగూడ’లో ఎనిమిది యూనికోడ్ గుర్తులున్నాయి. ఒక్కోటి మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. అంటే ఒక్క ఊరి పేరే 72 అక్షరాల గజిబిజి అవుతుంది, వాట్సాప్‌లో పంపితే చూసినవాడు వైరస్ లింకనుకుని నొక్కడు. పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా చూసుకోండి. ఫోను ఫొటోకు చివర పెద్ద అక్షరాల్లో జేపీజీ అని పెట్టి ఉంటే, పేజీలో చిన్న అక్షరాల్లో రాసినా విండోస్‌లో కనిపిస్తుంది. సర్వరు మీద కనిపించదు.

ప్రతి ఇంటర్వ్యూ ఒక మార్క్‌డౌన్ ఫైలు, అంటే బొద్దు, జాబితా లాంటివాటిని చిన్న గుర్తులతో చెప్పే మామూలు టెక్స్ట్ ఫైలు. పైన శీర్షిక, తేదీ, ఊరి గళ్లు, కింద ప్రశ్న జవాబులు. తెలుగు రాసేటప్పుడు మార్క్‌డౌన్ రెండు చోట్ల దెబ్బ తీస్తుంది. ప్రశ్నను బొద్దుగా చూపించడానికి ‘ప్రశ్న’ పక్కన కోలన్, దాని పక్కన రెండు నక్షత్రాలు పెట్టి, ఖాళీ లేకుండా మాట మొదలుపెడితే బొద్దు రాదు, నక్షత్రాలు అట్లాగే కనిపిస్తాయి. నక్షత్రాల తర్వాత ఒక ఖాళీ వదలాలి. రెండోది, జవాబు అంకెతో మొదలైతే వచ్చేది. ‘1948. అప్పుడు నాకు పదేండ్లు’ అని వరుస మొదలుపెడితే, హ్యూగో దాన్ని 1948వ అంశంతో మొదలయ్యే జాబితా అనుకుని పక్కకు జరుపుతుంది. చుక్క ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెడితే ఊరుకుంటుంది. శీర్షికలో కోలన్ ఉంటే శీర్షిక మొత్తాన్ని కోట్స్‌లో పెట్టండి, లేకపోతే సైటు తయారవడమే ఆగిపోతుంది.

ఆడియో ట్యాగులో ప్రీలోడ్‌ను ‘నన్’ అని పెట్టడం మరవొద్దు. లేకపోతే చదవడానికి వచ్చినవాళ్ల డేటా కూడా ఆడియోకు పోతుంది. ప్రతి ప్రశ్న పక్కన నిమిషాలు రాసి దాన్ని ఆడియోకు లింకు చేస్తే సైటు విలువే మారిపోతుంది: 12 నిమిషాల 40 సెకన్లు అంటే ఆడియో లింకు చివర హ్యాష్, టీ, ఈక్వల్, 760. నొక్కితే నేరుగా అక్కడినుంచే వినిపిస్తుంది. రాతలో అనుమానమొచ్చినవాళ్లు గొంతు విని సరిచూసుకుంటారు.

తెలుగు కంటికి

పేజీలోని మామూలు రాతకు బయటి ఫాంటు లోడు చేయడం అనవసరం. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు, విండోస్‌లో నిర్మలా ఉండనే ఉన్నాయి. శీర్షికలకు కావాలంటే సురవరం ఫాంటు పెట్టుకోండి, పెద్ద సైజులోనే బాగుంటుంది. ఇది గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద వచ్చింది, మన పాలమూరు మనిషే. అక్షరం సైజు 18 పిక్సెళ్లు, వరుసల ఎడం 1.75. ఇంగ్లీషు థీములు 1.4, 1.5 పెడతాయి. అప్పుడు పై వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. అక్షరాల మధ్య ఎడం సున్నా ఉంచాలి. ఇటాలిక్ వద్దు, మన లిపిలో అసలు లేని వాలును బ్రౌజరు బలవంతంగా తెస్తుంది. రెండు అంచులూ సమానంగా సర్దితే పొడుగు మాటల మధ్య సందులు పడతాయి కాబట్టి ఎడమ అంచుకే వదిలేయండి. పేజీ భాషను తెలుగుగా ప్రకటించడం ఒక్క మాట పని. అది లేకపోతే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు తికమక పడతాయి.

ఫొటోలు 1200 పిక్సెళ్ల వెడల్పు, 200 కేబీ లోపు. ఎక్కించకముందు ఫొటోలో దాగి ఉన్న లొకేషన్ సమాచారాన్ని తీసేయండి. ఫోను తీసిన ఫొటోలో ఆ ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఉండొచ్చు. వెనక గోడ మీద, బల్ల మీద ఆధార్ కార్డు, పట్టాదారు పాసుబుక్కు కనిపిస్తున్నాయేమో చూడండి.

బయటికి పంపడం

గిట్‌హబ్‌లో రిపో (సైటు ఫైళ్లన్నీ ఉండే చోటు) తెరిచి ఫైళ్లు పుష్ చేయండి, అంటే పంపండి. సెట్టింగ్స్‌లో పేజెస్ దగ్గరికి పోయి, సోర్సుగా గిట్‌హబ్ యాక్షన్స్ ఎంచుకుని, హ్యూగో నమూనాను తీసుకోండి. ఆపైన మీరు పుష్ చేసినప్పుడల్లా ఒకటి రెండు నిమిషాల్లో సైటు తనంతట తనే తయారవుతుంది. ల్యాప్‌టాప్ లేని రోజున అక్షరదోషం కనిపిస్తే ఫోను బ్రౌజరులో గిట్‌హబ్ తెరిచి అక్కడే దిద్దొచ్చు.

ఉచిత ఖాతాలో పేజెస్ నడవాలంటే రిపో అందరికీ కనిపించేదిగా ఉండాలి. ఇక్కడ పెద్ద ప్రమాదముంది. ‘డ్రాఫ్ట్’ అని పెట్టిన ఇంటర్వ్యూ సైటులో కనిపించదు గానీ, రిపోలో ఎవరైనా చదవొచ్చు. తీసేసిన పేరు కూడా పాత ప్రతుల్లో ఉండిపోతుంది. అందుకే ఫోను నంబర్లు, అసలు పేర్లు, దిద్దని రాతలు, ఒప్పుకోలు కాగితాల స్కాన్లు ఎన్నడూ ఆ ఫోల్డరులోకి రాకూడదు. వాటికి వేరే ఫోల్డరు, వేరే హార్డు డిస్కు. పేరు దాచాలనుకుంటే రాతలో, ఆడియోలో, ఫైలు పేరులో, ఫొటో కింది వివరణలో, నాలుగుచోట్లా మొదటిసారే మార్చి పంపాలి.

‘పుష్ చేశాను, పేజీ రాలేదు’ అన్నప్పుడు చూడాల్సిన వరుస ఇది. యాక్షన్స్‌లో ఎర్ర గుర్తు ఉందా? ఉంటే ఏ ఫైలు ఎన్నో వరుసలో తప్పో అక్కడే రాసి ఉంటుంది. పచ్చ గుర్తే ఉంటే డ్రాఫ్ట్ ఇంకా ట్రూ అని ఉందేమో. అదీ కాదంటే తేదీ. హ్యూగో రాబోయే సమయం ఉన్న పేజీలను చూపించదు. పొద్దున తొమ్మిది అని టైము రాస్తే, ఏ దేశం టైమో చెప్పనందుకు దాన్ని గ్రీనిచ్ తొమ్మిదిగా, అంటే మన మధ్యాహ్నం రెండున్నరగా తీసుకుంటుంది. రెండున్నర దాటినా పేజీ దానంతట అది రాదు, మళ్లీ బిల్డ్ జరగాలి. హ్యూగో డాట్ టోమెల్‌లో టైమ్‌జోన్‌ను ఆసియా, కోల్‌కతా అని పెడితే ఈ గోల శాశ్వతంగా పోతుంది. పేజీ వచ్చింది కానీ రంగులూ రూపూ లేకుండా ఉత్త అక్షరాలే ఉన్నాయంటే, హ్యూగో డాట్ టోమెల్‌లో రాసిన సైటు చిరునామా, అంటే బేస్ యూఆర్ఎల్ తప్పు.

డొమైన్‌కు డాట్ ఇన్ చాలు. తెలుగులో డాట్ భారత్ చిరునామాలు కూడా దొరుకుతాయి, ముచ్చటగా ఉంటాయి, కానీ టైపు చేసి వచ్చేవాళ్లు తక్కువ. దాన్ని రెండోదిగా పెట్టుకుని మొదటిదానికి మళ్లించండి. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర చూసి మురిసిపోవద్దు, రెండో ఏడాది రెన్యువల్ ధర చూడండి. డీఎన్ఎస్‌లో (సైటు పేరును సర్వరుకు కలిపే పట్టికలో) అసలు పేరుకు నాలుగు ఏ రికార్డులు పెట్టాలి: 185.199.108.153 నుంచి 185.199.111.153 దాకా, మూడో అంకె మాత్రమే మారుతుంది. డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూకు సీనేమ్ రికార్డు, మీ గిట్‌హబ్ పేజెస్ చిరునామాకు. మార్పు అంతటా పాకడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు, ఆ లోపల పదిసార్లు మార్చి ఇంకా చెడగొట్టొద్దు. పాకిన తర్వాత హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి అన్న గడి టిక్ చేయండి. రెన్యువల్ తేదీ ఇద్దరి ఫోన్లలో ఉండాలి. గడువు దాటితే పేరును ఇంకెవరో కొని ఏం పెడతారో చెప్పలేం.

యాక్షన్స్ ఫైలులో హ్యూగో వెర్షన్ సంఖ్యను ఖాయంగా రాసి ఉంచండి. కొత్త వెర్షన్లు పాత థీములను కొన్నిసార్లు విరగ్గొడతాయి. ఏడాదికోసారి ‘హ్యూగో’ అని కొట్టి, తయారైన పబ్లిక్ ఫోల్డరును జిప్ చేసి వేవ్ ఫైళ్లతో పాటు రెండు డిస్కుల్లో, రెండు వేరే ఊళ్లలో పెట్టండి. రేపు హ్యూగో లేకపోయినా, గిట్‌హబ్ ఉచితం ఆపేసినా, ఆ ఫోల్డరును ఏ సర్వరు మీద పడేసినా పేజీలు అట్లాగే తెరుచుకుంటాయి.

మాట ఇచ్చినవాళ్లలో చాలామందికి స్మార్ట్‌ఫోను ఉండదు, ఉన్నా చిన్న అక్షరాలు కనిపించవు. అందుకని ప్రింటు కోసం సీఎస్ఎస్‌లో (పేజీ రూపును చెప్పే ఫైలులో) ఒక పది వరుసలు వేరే రాసుకోండి: మెనూ, ఆడియో బటను కనిపించకుండా, అక్షరం 16 పాయింట్లు, వరుసల ఎడం 1.8, అడుగున సైటు చిరునామా, క్యూఆర్ కోడు. బ్రౌజరులో ప్రింటు నొక్కి పీడీఎఫ్‌గా దాచుకుని జిరాక్సు షాపుకు అదే పంపండి. వర్డ్ ఫైలు పంపితే వాళ్ల కంప్యూటరులో ఫాంటు మారి పేజీలు చెదురుతాయి. రెండు ప్రతులు తీయించండి, ఒకటి వాళ్లింటికి, ఒకటి మీరు దిద్దుకోవడానికి. ఇంట్లో మనవడో మనవరాలో చదివి వినిపిస్తుంటే ‘గట్ల అనలే నేను’ అని వాళ్లు ఆపే చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టుకుని వచ్చి, ఆ వరుసలను సైటులో అదే రోజు మార్చండి.